మ్యాగజీన్ విప్పే ముందు

డాలస్

చిరంజీవి వంశీకి,

నీ ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకీ ఎం4 నాలుగు బీబీలు, అంటే ఆ ప్లాస్టిక్ గుండ్లు, పేల్చి ఆ తర్వాత ఉత్త గాలి కొడుతోందనీ, మ్యాగజీన్ విప్పేయనా అనీ అడిగావు. విప్పుదువుగానీ, తప్పు మ్యాగజీన్‌దేనని తేలనీ. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసి లాభం లేదు.

ముందు బీబీలనే అనుమానించు. 6 మి.మీ. అని అమ్మే బీబీ అసలు కొలత దాదాపు 5.95. అది నడిచే దారి అంతకంటే ఎంతో వెడల్పు ఉండదు. నాలుగు తీసి వేళ్ళ మధ్య దొర్లించు. నడుమ అతుకు గీత గోటికి తగిలితే ఆ సంచీ మొత్తం పారెయ్. మైదానంలో కింద పడ్డవి ఏరి మళ్ళీ నింపొద్దు. ఒక్క ఇసుక రేణువు చాలు, దారి మూసుకుపోవడానికి.

తర్వాత గిన్నె పరీక్ష. కళ్ళద్దాలు పెట్టుకుని, మ్యాగజీన్ మూతిని గిన్నెలోకి వంచి, బీబీలను ఆపే చిన్న మీటను వేలితో నొక్కు. ధారగా దూకితే మ్యాగజీన్ బాగున్నట్టే. ఆగి ఆగి రాలితే జబ్బు లోపలుంది. అడుగున చక్రం ఉన్న హైక్యాప్ అయితే ముందు చక్రం బాగా తిప్పి చూడు, స్ప్రింగ్ సడలి ఉండొచ్చు. చక్రం లేని మిడ్‌క్యాప్‌లో చివరి రెండు మూడు బీబీలు ఎక్కకపోవడం మామూలే, దానికి కంగారు పడకు.

గిన్నెలో ధార కట్టి, తుపాకీలో పెడితే ఆగుతోందా? మ్యాగజీన్‌ను చేత్తో పైకి అదిమిపట్టి పేల్చు. అప్పుడు సరిగ్గా పేలితే మ్యాగజీన్ కిందికి జారుతోందన్నమాట. దాని మూతీ తుపాకీ ఛాంబర్ దారీ కలవడం లేదు. పక్కలకు ఊగుతుంటే ఒక వరస ఇన్సులేషన్ టేపు అంటించు. పట్టి ఉంచే కొక్కెం అరిగితే మార్చు.

ఇవన్నీ అయ్యాకే స్క్రూలు. బీబీలన్నీ ఖాళీ చెయ్. పెద్ద ప్లాస్టిక్ సంచీలో చేతులు పెట్టి విప్పు, లేకపోతే స్ప్రింగ్ ఎగిరి సోఫా కిందికి పోతుంది. ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసుకో. దారిని పొడిగుడ్డతో తుడువు. మ్యాగజీన్ రెండు చిప్పలు కలిసే అంచున ప్లాస్టిక్ పొడుచుకు వస్తే సన్నటి గరుకు కాగితంతో రుద్దు. వంగిన స్ప్రింగ్‌ను సాగదీసి పెట్టకు, కొన్నాళ్ళకే మళ్ళీ నీరసిస్తుంది, కొత్తది వెయ్యి. సిలికాన్ నూనె ఒక్క చుక్క, అదీ గుడ్డ మీద వేసి రాయాలి. ఎక్కువైతే బీబీల వెంట, తుపాకీలో బీబీని తిప్పి వదిలే హాప్‌అప్ రబ్బరుకు అంటి, గురి చెడుతుంది. పెట్రోలియం నూనెలైతే ఆ రబ్బరునే పాడుచేస్తాయి.

ఒక జాగ్రత్త. మ్యాగజీన్ తీసినా ఛాంబర్‌లో ఒక బీబీ ఉండిపోవచ్చు. ఎవరూ లేని వైపు పేల్చి, బ్యాటరీ ఊడదీశాకే తుపాకీ పక్కన పెట్టు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బయటికి తీయకు, మొన మీది నారింజ రంగు చెరపకు. దూరం నుంచి చూసే పోలీసుకు అది బొమ్మని తెలియదు.

ఇవాళ గిన్నె పరీక్ష చేసి ఫోన్ చెయ్. అప్పటిదాకా కొత్త మ్యాగజీన్ కొనకు.

మామయ్య