మాస్టైటిస్, మెట్రైటిస్: విడదీసి పలుకుదాం

పశువైద్యుల చీటీలలోను, మందు పెట్టెల మీదను సభ్యులకు తరచు ఎదురయ్యే మాటలు రెండు: మాస్టైటిస్, మెట్రైటిస్. మొదటిది పొదుగువాపు, రెండవది గర్భాశయపు వాపు. ఒకదానికి మందు చన్నులోకి ఎక్కిస్తారు, రెండవదానికి చికిత్స వేరు. ఫోనులో పేరు తారుమారైతే డాక్టరుగారు ఒక జబ్బుకు సిద్ధపడి వచ్చి మరొక జబ్బును చూడవలసి వస్తుంది. కనుక ఈ మాటలను సరిగా పలకడం నేర్చుకుందాం.

విభజన: ఒక్కొక్క మాటలో మూడేసి ముక్కలున్నాయి.
మాస్ – టై – టిస్
మె – ట్రై – టిస్

నొక్కు: తెలుగులో మనం అక్షరాలన్నింటినీ దాదాపు సమానమైన ఊపుతో పలుకుతాము. ఇంగ్లీషులో ఒక ముక్కను నొక్కి, మిగిలినవాటిని తేలికగా వదులుతారు. ఈ రెండు మాటల్లోను నొక్కవలసినది నడిమి ముక్క. స్పెల్లింగు చూచి కొందరు ‘మాస్టిటిస్’, ‘మెట్రిటిస్’ అంటారు. అది సరికాదు, టై, ట్రై అనాలి. చివరి ‘టిస్’ను పొట్టిగా వదలాలి, ‘టీస్’ అని సాగదీయరాదు.

అర్థం: ‘ఐటిస్’ గ్రీకు నుండి వచ్చిన తోక. వైద్యంలో దానికి వాపు అని అర్థం. గ్రీకులో ‘మాస్టోస్’ అంటే రొమ్ము, ‘మెట్రా’ అంటే గర్భాశయం. మనుషులకు వచ్చే ఆర్థ్రైటిస్ (కీళ్లవాపు), హెపటైటిస్ (కాలేయపు వాపు) మాటల్లోను తోక ఇదే, నొక్కు పడే చోటూ ఇదే.

చిక్కు ఇక్కడే ఉన్నది. నొక్కు తోక మీద పడుతుంది, జబ్బును తెలిపేదేమో తల. ఫోనులో తోక గట్టిగా వినిపించి తల జారిపోతుంది. కనుక ‘మాస్’, ‘మె’ అనే మొదటి ముక్కలను నిదానంగా పలకండి. వెంటనే తెలుగు పేరు, లక్షణం కూడా చెప్పండి: “పొదుగువాపండీ, ఒక చన్ను గట్టిపడింది, పాలలో ముక్కలు పడుతున్నాయి.” లేదా, “గర్భాశయపు వాపేమోనండీ, గేదె ఈని వారమైంది, జ్వరముంది, దుర్వాసనతో ద్రవం కారుతోంది.” పేరు తడబడినా లక్షణం తడబడదు.

కార్యదర్శులు ఈ రెండు మాటలను విభజనతో సహా బోర్డు మీద రాసి, పాలు పోయవచ్చినవారిచేత రెండుమూడుసార్లు పలికించగలరు.

జబ్బు ఏదైనా, యాంటీబయోటిక్ మందు వాడిన పశువు పాలను డాక్టరుగారు చెప్పిన గడువు తీరేవరకు సంఘానికి పోయరాదు. ఒక్క పశువు పాలు కలిసినా క్యాను మొత్తానికి ముప్పే.