కొండల యెత్తు – అడవుల మార్పు



చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములకు కూరగాయలు తెచ్చు మన సభ్యులు కొందఱు, అచ్చటి దుకాణములలో అరకు కాఫీ పొట్లములను చూచి, "ఈ పంట మన చేలలో ఏల పండదు?" అని యడుగుచున్నారు. మొక్కలకై సంఘమునుండి అప్పు తీసికొనుటకు ముందే దీనికి సమాధానము తెలిసికొనుట మేలు. ఆ సమాధానము కొండ యడవులలో నున్నది.

అనంతగిరి యను పేరుగల కొండలు మనకు రెండు చోట్ల గలవు. ఒకటి వికారాబాదు దగ్గఱ, మూసీనది పుట్టుచోటు. రెండవది విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు త్రోవలో నున్నది. మొదటిదానిలో తునికి, మోదుగ, చండ్ర మొదలగు చెట్లు వేసవిలో ఆకు రాల్చి మోడులవలె నిలుచును. రెండవదాని లోయలలో వేసవియందును పచ్చదనము నిలిచి యుండును. మ్రాకులపై నాచు పెరుగును. పేరొక్కటియే, అడవులు వేఱు. ఇందులకు కారణములు మూడు.

మొదటిది ఎత్తు. పైకి పోయినకొలది గాలి చల్లబడును. వెయ్యి మీటర్ల యెత్తునకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గును.

రెండవది వాన. సముద్రమునుండి వచ్చు తడిగాలి కొండకు తగిలి పైకెగసి, చల్లబడి, వర్షించును. కొండ దాటిన గాలి పొడిగా నుండును. కావుననే ఒకే కొండకు గాలి తగులు వైపు దట్టమైన యడవియు, రెండవ వైపు పలుచని యడవియు నుండవచ్చును.

మూడవది మన్ను. నిట్రవాలులో మన్ను కొట్టుకొనిపోయి లోయలో చేరును. లోయలో చెట్టు బలియును. గాలి విసరు శిఖరముపై పొట్టి చెట్లు, గడ్డియే మిగులును.

విశాఖపట్టణమునుండి అరకునకు రైలులో పోవువారు ఈ మార్పును కన్నులార చూడగలరు. క్రింద తాళ్లు, జీడిమామిడి తోటలు; వాలులపై మద్ది, ఏగిస, వెదురు; వాగుల వెంట పనస, నేరేడు. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. ఇంకను ఎత్తైన హిమాలయములలో ఈ వరుస మఱింత స్పష్టము: అడుగున గుగ్గిలపు చెట్లు, పైన దేవదారు, ఆపైన భూర్జవృక్షము, పిదప గడ్డి, చివరకు మంచు. జర్మనీ పండితుడు హంబోల్టు 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతమెక్కి, అచ్చటను మొక్కలు ఎత్తునుబట్టి అంతరువులుగా నుండుట కనుగొనెను.

ఇక మన ప్రశ్న. అరకు ప్రాంతపు అరబికా కాఫీ సుమారు 900 మీటర్లకు పైబడిన చల్లని నేలలో, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరుగును. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అచ్చటి రైతులయొద్ద కాఫీ కొనుచున్నది. హైదరాబాదు సుమారు 540 మీటర్ల యెత్తుననే యున్నది. ఇది విశాలమైన పీఠభూమి యగుటచే వేసవిలో నేల కాగి, వేడి 40 డిగ్రీలు దాటును. ఏటి వర్షము సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో నధికభాగము నాలుగు నెలలలోనే కురియును. నీరు పెట్టినంతమాత్రమున ఈ వేడి పోదు. అప్పు చేసి నాటిన కాఫీమొక్క మాడిపోవును. అప్పుమాత్రము పచ్చగా నుండును.

కావున మొక్క కొనునపుడు మూడు మాటలడుగుడు: ఇది ఎంత యెత్తున పెరిగినది? అచ్చట వాన యెంత, ఏ నెలలలో? మన్ను ఎట్టిది? తరువాత మీ యూరి గుట్టను చూడుడు. తునికియు మోదుగయు తమంతట పెరుగుచోట సీతాఫలము, ఉసిరిక, చింత, మామిడి నమ్మదగినవి. గుట్టపై చెట్లను నఱకకుడు. వాలున మన్నును పట్టియుంచి మీ చెఱువు పూడకుండ కాపాడునవి అవియే.