“అయొడిన్ పడదు” : ఒక పరిశీలన

మన కళాశాల రసాయనశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థికిని అయొడిన్ పరిచయమే. నల్లగా, లోహమువలె మెరయు పలుకులను పరీక్షనాళికలో ఉంచి మెల్లగా వేడిచేసినచో ఊదారంగు ఆవిరి లేచును. చల్లని చోట ఆ ఆవిరి మరల పలుకులై అంటుకొనును. గంజినీటిలో ఒక చుక్క పడగానే ముదురు నీలము వచ్చును. ఇంతవరకు అందరికిని తెలిసినదే. కాని ఈ మూలకము మన వంటింటిలోను, మన మెడలోను, వైద్యశాలలోని సీసాలలోను వేరువేరు రూపములలో ఉన్నది. వాటన్నిటిని ఒకే పేరుతో పిలుచుటవలన కుటుంబములు ఎట్టి చిక్కులలో పడునో తెలియజేయుటయే ఈ వ్యాసోద్దేశము. ఈ సంగతి మాకు పుస్తకములలో కాక మా బంధువుల ఇంటిలోనే ఎదురైనందున ముందుగా దానిని మనవి చేయుచున్నాము.

మా పెద్దమ్మగారికి పదకొండు సంవత్సరముల క్రితము ఒక వైద్యశాలలో గర్భసంచి శస్త్రచికిత్స జరిగినది. అంతకు ముందు పొట్టపై గోధుమరంగు మందు ధారాళముగా పూసినారు. అది ప్రక్కలకు కారి, నడుము క్రింది దుప్పటిలో ఇంకి, రెండు గంటలకు పైగా చర్మమును అంటియే ఉన్నది. మరునాటికి నడుముపై అరచేయి వెడల్పున చర్మము కమిలి బొబ్బలెక్కినది. వారము దినములలో మానిపోయినది. కాని ఇంటికి పంపునప్పుడు ఇచ్చిన కాగితముపై ఎర్రసిరాతో “అయొడిన్ ఎలర్జీ” అని రెండు మాటలు వ్రాసి, క్రింద గీత గీసినారు. ఆ వ్రాసినవారెవరో ఇప్పుడు తెలిసికొనుట సాధ్యము కాదు.

ఆ రెండు మాటలు ఆ ఇంటిని పదకొండేండ్లు పాలించినవనుట అతిశయోక్తి కాదు. ఉప్పు పొట్లముపై “అయొడిన్ కలిపిన ఉప్పు” అని చదివి ఆమె దానిని గుమ్మము దాటి రానీయలేదు. బండిపై గోనెసంచిలో వచ్చు గళ్ళుప్పే ఇంటిల్లిపాదికిని వాడుక అయినది. ఒక్కరికి పడదని అందరు మానినారు. చేపలు, రొయ్యలు కూడ ఆగిపోయినవి. పెద్దకోడలు గర్భవతియై నాలుగవ నెలలో రక్తపరీక్ష చేయించుకొన్నప్పుడు, థైరాయిడ్ గ్రంథి పని మందగించినదని చెప్పిన డాక్టరమ్మగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, “మీ ఇంట ఏ ఉప్పు వాడుచున్నారమ్మా?” అని. ఉప్పు ఒక్కటియే అందుకు కారణమని నిర్ధారించి చెప్పుటకు మాకు ఆధారము లేదు. అట్టి లోపమునకు ఇతర కారణములును కలవు. మందు వాడినారు, బిడ్డ కులాసాగా ఉన్నాడు. కాని ఆ ప్రశ్న మమ్ములను నిలువనీయలేదు.

మరునాడే పెద్దమ్మగారి ఇంటి గళ్ళుప్పును, అంగడిలోని పొట్లపు ఉప్పును రసాయనశాలకు తెచ్చినాము. ప్రయోగము మన విద్యార్థులు చేయునదే. పది గ్రాముల ఉప్పును నీటిలో కరగించి, కొద్దిగా విలీన గంధకామ్లమును, పొటాషియం అయొడైడును కలిపినచో, ఉప్పులో అయొడేటు ఉన్నయెడల అది అయొడిన్‌ను విడుదల చేయును. ఒక్కొక్క అయొడేటు అయానునకు మూడేసి అయొడిన్ అణువులు వెలువడును. దానిని బ్యూరెట్టులోని హైపోతో కొలిచి, చివర గంజినీటితో నీలమును చూతుము. పొట్లపు ఉప్పు నీలమైనది. పెద్దమ్మగారి ఉప్పు నీటివలెనే ఉండిపోయినది. ప్రక్కనున్న విద్యార్థి ఒకడు, “గంజి పాడైనదేమోనండీ” అని మరల క్రొత్త గంజి కాచినాడు. రెండవమారును అంతే.

ఈ తెల్లని నీరు ఎందుకు భయపెట్టవలెనో తెలియవలెనన్న కొంత చరిత్రలోనికి పోవలెను. 1811లో ఫ్రాన్సులో బెర్నార్డ్ కూర్త్వా అను రసాయనకారుడు నెపోలియను సైన్యముల తుపాకిమందుకై పెట్లుప్పు తయారుచేయుచు, సముద్రపు నాచు బూడిదలో గంధకామ్లము ఎక్కువగా పోసినప్పుడు ఊదారంగు ఆవిరి లేచినది. అయొడిన్ మానవునికి అట్లు పరిచయమైనది. 1896 ప్రాంతమున జర్మనీలో బౌమన్ ఈ మూలకము థైరాయిడ్ గ్రంథిలో ఉన్నదని కనుగొన్నాడు. ఆ గ్రంథి తయారుచేయు థైరాక్సిన్ అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు కలవు. అవి లేనిదే థైరాక్సిన్ లేదు. థైరాక్సిన్ లేనిదే గర్భస్థ శిశువు మెదడు సరిగా పెరుగదు. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మనిషి దేహములో ఉన్న మొత్తము అయొడిన్ 15, 20 మిల్లీగ్రాములు మాత్రమే, అనగా నాలుగైదు ఆవగింజల ఎత్తు!

ఈ కథలో తెలుగువారు గర్వింపదగిన ఘట్టమొకటి కలదు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయ పాదమందలి కాంగ్రా లోయలో తమ సహచరులతో ఒక పరిశీలన ఆరంభించినారు. అక్కడి జనులలో గొంతువాపు విస్తారముగా ఉండెడిది. లోయను మూడు భాగములు చేసి, రెండు భాగములకు అయొడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును సరఫరా చేసినారు. సుమారు లక్షమంది ప్రజలు ఆ ఉప్పు తినినారు. ఆరేండ్లకు చూడగా మొదటి రెండు భాగములలో గొంతువాపు సగము లేక అంతకు పైగా తగ్గినది. మూడవ భాగములో తగ్గలేదు. 1962లో భారత ప్రభుత్వము జాతీయ గాయిటర్ నివారణ పథకమును ఆరంభించుటకు ఈ లోయయే దారి చూపినది. నేడు మనుష్యులు తిను ఉప్పులో, కొనుగోలుదారునికి చేరునప్పటికి, పది లక్షల పాళ్ళకు కనీసము 15 పాళ్ళు అయొడిన్ ఉండవలెనని నియమము. లెక్క కట్టుడు: 15 పాళ్ళ ఉప్పు పది గ్రాములలో 150 మైక్రోగ్రాములు, 30 పాళ్ళదైనచో ఐదు గ్రాములే చాలును. కావున ఉప్పు మితముగా తినుమను వైద్యుల మాటకును, అయొడిన్ ఉప్పు తినుమను మాటకును విరోధము లేదు.

ఇక అసలు ప్రశ్న. ఇట్లు ప్రతి మానవుని రక్తములోను ప్రవహించు మూలకము ఒకరికి “పడకపోవుట” సాధ్యమా? ఎలర్జీ అనగా దేహరక్షణ వ్యవస్థ ఒక పరాయి పదార్థమును శత్రువుగా గుర్తుపెట్టుకొని, అది మరల వచ్చినప్పుడు విజృంభించుట. అట్లు గుర్తుపట్టుటకు సాధారణముగా మాంసకృత్తులవంటి పెద్ద అణువు గాని, మాంసకృత్తునకు అతుకుకొన్న చిన్న మందు గాని కావలెను. ఉప్పునుండి మన రక్తములో చేరు అయొడైడు అయాను అట్టిది కాదు. అది లేక బ్రతుకే లేదు. కావున “అయొడిన్ ఎలర్జీ” అని మనము పిలుచునది ఒక వ్యాధి కాదు. పరస్పరము చుట్టరికము లేని మూడు నాలుగు సంగతులకు పెట్టిన ఒక ఉమ్మడి పేరు.

మొదటిది చర్మమునకు సంబంధించినది. పూర్వము ప్రతి ఇంట నుండిన టించర్ అయొడిన్‌లో అయొడిన్ సారాయిలో కరగియుండును. గాయముపై వేసిన మండును. ఆ మంట ఎలర్జీ కాదు, రసాయనపు ఘాటు. 1955లో పావిడోన్ అను పాలిమరుతో అయొడిన్‌ను జతచేసి, మెల్లమెల్లగా విడుదలయగు మందును కనుగొన్నారు. నేడు శస్త్రచికిత్సలలో పూయు గోధుమరంగు మందు ఇదియే. ఇది మృదువైనది. అయినను ఆరిపోనీయక, వీపు క్రింద మడుగుకట్టి గంటల తరబడి నిలిచినచో చర్మమును కాల్చును. ఈ మందు నిజముగా పడనివారును ఉన్నారు గాని బహు అరుదు. వారిలో కొందరికి పడనిది అయొడిన్ కాదు, పావిడోన్. అట్టివారికి చర్మశుద్ధికై క్లోర్‌హెక్సిడిన్ మొదలగు ఇతర మందులు కలవు.

రెండవది రొయ్యలు, పీతలు. “సముద్రములో అయొడిన్ కలదు, రొయ్య సముద్రములోనిది, కావున రొయ్య పడనివారికి అయొడిన్ పడదు” అను తర్కము వినుటకు సొంపుగానే ఉండును. కాని రొయ్య పడనివారికి పడనిది దాని కండరములోని ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు. దీనిని మన తీరములలోను దొరకు తెల్లరొయ్యలో గుర్తించి 1993లో ప్రకటించినవారిలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రజ్ఞులు ఉన్నారు. ఉడికించినను ఆ మాంసకృత్తు చెడదు. దానికిని అయొడిన్‌కును సంబంధమేమియు లేదు. మరి ఈ అపోహ వైద్యశాలలలోనికి ఎట్లు ప్రవేశించినది? 1975లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలనలో, ఎక్సురే రంగుమందు వికటించినవారిలో సముద్రాహారము పడనివారు గణనీయముగా కనిపించినారు. గుడ్లు, పాలు పడనివారును అందులో ఇంచుమించు అట్లే ఉన్న సంగతి మరుగున పడినది. రొయ్య మాత్రము జ్ఞాపకమున్నది. ఏదో ఒక ఎలర్జీ ఉన్న దేహము ఇంకొకదానికి కొంత త్వరగా స్పందించుననుట మాత్రమే దాని సారాంశము.

మూడవది, అన్నిటిలోను జాగ్రత్తగా చూడవలసినది, ఆ రంగుమందే. “డై” అని పిలుతురు గాని దానికి రంగు లేదు. బెంజీను వలయమునకు మూడేసి అయొడిన్ పరమాణువులు తగిలించిన ద్రవమది; ఆ బరువైన పరమాణువులు ఎక్సురే కిరణములను అడ్డుకొనుటచే రక్తనాళములు తెల్లగా కనిపించును. ఇది కొందరికి నిజముగా వికటించును. మా విద్యార్థి ఒకని తండ్రిగారికి సూది వేసిన పది నిమిషములలో ఒళ్ళంతయు దద్దుర్లు లేచి, కంఠము బొంగురుపోయి, రక్తపుపోటు పడిపోయినది; వెంటనే ఇచ్చిన అడ్రినలిన్ ప్రాణము నిలిపినది. దీనిని తేలికగా తీసివేయుట మా అభిప్రాయము ఎంతమాత్రమును కాదు. అయితే అక్కడను దోషము ఆ అణువుయొక్క మొత్తపు కట్టడిది గాని అందలి అయొడిన్‌ది కాదు. 1990లో జపానులో మూడు లక్షల ముప్పదివేలమందికి పైగా రోగులను పరిశీలించినప్పుడు, పాత పద్ధతి అయానిక మందులతో తీవ్రమైన వికటము నూటికి 0.22 మందిలోను, క్రొత్త అనయానిక మందులతో 0.04 మందిలోను కనిపించినది. రెండింటిలోను అయొడిన్ ఉన్నది; భేదము అణువుది.

ఆ తండ్రిగారు చేయవలసినదేమి? తమకు వికటించిన మందు పూర్తి పేరు, తేదీ, ఎన్ని నిమిషములకు ఏమి జరిగినది, ఏ చికిత్స ఇచ్చినారు అను నాలుగు వివరములు ఒక చీటిపై వ్రాయించుకొని జేబులో ఉంచుకొనవలెను. మరల పరీక్ష అవసరమైనచో వైద్యులు అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. వంటి వేరుమార్గము చూతురు. తప్పనిసరియైనచో వేరొక రంగుమందును ఎన్నుకొని, ముందు దినమునుండియే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, అన్ని సన్నాహములతో చేయుదురు. ఆయన ఉప్పు మానవలసిన పని లేదు. చేపలు మానవలసిన పని లేదు. ఇంటివారు అంతకన్న మానవలసిన పని లేదు. థైరాయిడ్ వ్యాధి ఉన్నవారికి అధిక అయొడిన్‌వలన కలుగు ఇబ్బంది వేరు విషయము. అది ఎలర్జీ కాదు, దానిని వైద్యుడే నిర్ణయింపవలెను.

పెద్దమ్మగారి విషయమునకు వత్తుము. క్రిందటి సంవత్సరము నాలుగడుగులు వేసిన ఛాతీ బరువెక్కుచున్నదని ఆమెను చూపించినాము. యాంజియోగ్రాం చేయవలెనన్నారు. ఎర్రసిరా కాగితము చూచిన గుమాస్తా పరీక్షను ఆపివేసినాడు. రెండవ వైద్యశాలలోను అదియే జరిగినది. మూడు వారములు ఇట్లు గడచినవి. ఆ మూడు వారములు ఆమె వీధి గుమ్మమువరకు నడచుటకు కూడ భయపడినారు. చివరకు ఒక పెద్ద వయస్సు వైద్యులు కాగితమును ప్రక్కనబెట్టి ఆమెనే అడిగినారు: “ఏ మందమ్మా? త్రాగినారా, పొడిచినారా, పూసినారా? ఎంతసేపటికి వచ్చినది? పూసినచోటనే వచ్చినదా, ఒళ్ళంతయునా?” పూసినచోట కూడ కాదు, మడుగుకట్టినచోట మాత్రమే వచ్చినదని ఆమె చెప్పినారు. ఇన్నేండ్లలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవారు లేరు; చదువుకొన్న మేమును అడుగలేదు.

పరీక్ష జరిగినది. రంగుమందు వెళ్ళునప్పుడు ఒళ్ళు వెచ్చబడినదనియు, నోట ఇనుము రుచి తగిలినదనియు ఆమె చెప్పగా, అది అందరికిని కలుగునదేయని వైద్యులు నవ్వినారు. ఒక నాళము బాగుగా మూసికొనిపోయియుండగా స్టెంటు వేసినారు. క్రొత్త కాగితముపై నల్లసిరాతో, “పావిడోన్ అయొడిన్ మడుగుకట్టినందున నడుముపై చర్మము కమిలినది, రంగుమందు నిరపాయముగా ఇవ్వబడినది” అని వ్రాసి ఇచ్చినారు. పాత కాగితమును మేము చింపివేసినాము. ఇప్పుడు ఆ ఇంట కూరలకు, పప్పునకు పొట్లపు ఉప్పే వాడుచున్నారు. ఆవకాయకు మాత్రము గళ్ళుప్పు కాక మరియొకటి పనికిరాదని పెద్దమ్మగారు పట్టుబట్టగా, అందుకు మేమేమియు అడ్డు చెప్పలేదు.