జిల్లేడు చెట్టు దగ్గర ఆగండి

ఉదయం నడకకి వెళ్లేవాళ్ల చూపంతా అడుగుల లెక్క మీదే. ఒంటికి మంచిదే, మరి కంటికి? ఏ పని మీదా మనసు నిలవడం లేదని బాధపడే కుర్రాళ్లకి నేను చెప్పేదొకటే: ఒక ఆదివారం ఎండలో సీతాకోకచిలుకల్ని, పిట్టల్ని వెతుక్కుంటూ నడవండి.

అందుకు సముద్రపు ఒడ్డు బాగుంటుంది. చోడవరం వాళ్లకి అది మరీ దూరమేమీ కాదు. అనకాపల్లి, మునగపాక, అచ్యుతాపురం దాటితే పూడిమడక. చీకటితో లేవక్కర్లేదు. సీతాకోకచిలుక ఎండలో రెక్కలు పరిచి ఒళ్లు కాచుకున్నాకే హుషారుగా ఎగురుతుంది. అలా కూర్చున్నప్పుడే దాన్ని తీరిగ్గా చూడాలి. మీ నీడ మాత్రం దాని మీద పడనివ్వకండి.

ఇసుక దారి పక్కన జిల్లేడు కనిపిస్తే ఆగి, ఆకు తిప్పి చూడండి. నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు ఉంటే అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోక పిల్ల. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా ఆ విషం పోదు. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. అందుకే ఆ నారింజ రంగు సీతాకోక ఏ తొందరా లేకుండా ఎగురుతుంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకలో ఆడదానికి విషం లేదు, అయినా అచ్చం అదే వేషం వేసి బతికిపోతుంది. వెనక రెక్క నడుమ మూడు నాలుగు నల్ల చుక్కలుంటే అసలుది. ఆ చుక్కలు లెక్కపెడుతున్నంతసేపూ మీ మనసు ఎక్కడికీ పోదు, చూసుకోండి. ఏకాగ్రతకి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

తర్వాత తలెత్తండి. పడవల మీద చక్కర్లు కొట్టే తెల్ల తల, ఇటుక రంగు రెక్కల గద్ద గరుడపక్షి. కరెంటు తీగ మీద చీలిన తోకతో నల్లగా కూర్చున్నది ఏట్రింత. చలికాలమైతే తిరుగుదారిలో కొండకర్ల ఆవ సరస్సు దగ్గర దిగి, తాటిదోనె ఎక్కండి. వలస పక్షుల్ని దగ్గర నుంచి చూడొచ్చు.

పేరు తెలియని పిట్ట కనిపిస్తే వెంటనే ఫోన్ తీయకండి, ముందు ఊరివాళ్లని అడగండి. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది ఐతన్న, పిట్టలు పట్టుకునే ఆ ఊరి మనిషి. పూడిమడకలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చోండి. "తాతా, ఆ పిట్టని మీరేమంటారు?" అని అడగండి.