హాజరుపట్టీని చదువు విధము

గత సంవత్సరము ఆఱవ తరగతి బాలుడొకడు మా గది గుమ్మమున నిలిచి, కొంతసేపు జంకి, "అయ్యగారూ, మీకు పాఠములు తక్కువ గదా, పొద్దస్తమానము ఈ గదిలో కూర్చుండి యేమి చేయుదురు?" అని యడిగెను. వానిని పంపిన పెద్దపిల్లలు గోడచాటున నవ్వుచుండిరి. నాడు మేమును నవ్వి యూరకుంటిమి గాని, తలిదండ్రులు సైతము మనస్సులో నడుగుకొను ప్రశ్నయే యది. బడి నడుపువారి పని యేమి? గంట కొట్టించుట, జీతముల బిల్లులు వ్రాయుట, పైయధికారులకు లెక్కలు పంపుట, ఇవి యన్నియు కలవు. వీనికంటె ముందుగా ప్రతిదినము మేము చదువవలసిన గ్రంథ మొకటి కలదు. అది హాజరుపట్టీ. నేడు హాజరు సెల్‌ఫోనులో కూడ నెక్కుచున్నది. అయినను కాగితముపై గీతలు గీసిన ఆ పాత పుస్తకమునే మేము బల్లమీద నుంచుకొనుచున్నాము. ఒక నెల యంతయు ఒక్కచూపున కనబడుట దానియందే సులభము.

ముందుగా చిన్న లెక్క యొకటి చూతము. తరగతిలో 40 మంది గలరనుకొందము. దినమునకు 36 మంది వచ్చినచో హాజరు నూటికి 90. ఈ 90 రెండు విధముల రావచ్చును. నలుబదిమందిలో ప్రతివాడును పదిదినముల కొకనాడు మానవచ్చును. లేదా, 36 మంది యొక్కనాడును మానకుండ వచ్చుచుండగా, మిగిలిన నలుగురు ఒక్కనాడైనను రాకపోవచ్చును. మొదటి తరగతిలో జ్వరములు, పెండ్లిండ్లు, తిరునాళ్లు. రెండవదానిలో నలుగురు పిల్లలకు చదువే పోయినది. సగటు మాత్రము రెంటికి నొక్కటే! మఱియొకటి. విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులకు ఏటికి 220 పనిదినములు విధించినది. ప్రతి సోమవారమును మానువాడు మిగిలిన దినములన్నియు వచ్చినను ఏటికి ఇంచుమించు 36 దినములు పోగొట్టుకొనును. వాని హాజరు నూటికి 83 అని యుండును. చూచువారికి చెడ్డగా తోచదు.

ఈ లెక్క మాకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నెవ్వరును చెప్పలేదు. ఒక బాలిక వలన నేర్చితిమి. చెప్పుటకు సిగ్గుగా నున్నను చెప్పుచున్నాము. మేమీ బాధ్యతను స్వీకరించిన తొలియేట జనవరి మాసమున తొమ్మిదవ తరగతి హాజరు నూటికి 92 వచ్చినదని, ఉదయపు సమావేశములో నా తరగతిని నిలువబెట్టి మెచ్చుకొంటిమి. పిల్లలు చప్పట్లు చఱచిరి. ఆనాటికి ఆ తరగతిలో ఒక బాలిక రాక 17 దినములైనది. తరగతి యుపాధ్యాయుడు, మిరపకోతల కాలము గనుక కూలికి పోయియుండు ననుకొనెను. మేము నూటికి 92 చూచితిమి గాని, ఆ యొక్క వరుసను చూడలేదు. నాలుగు దినముల తరువాత ఆమె చెలికత్తె యొక లెక్కల పుస్తకమును తెచ్చి మా బల్లపై బెట్టి, "ఇది దానిదండీ. ఇంక దానికి అక్కరలేదట. పెండ్లి చేసినారు" అనెను. ఆ బాలికకు పదునాలుగేండ్లు.

మేము ఆ యూరికి పోయితిమి. ఆడుపిల్లకు 18 ఏండ్లు నిండనిదే వివాహము చేయరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నదని తల్లికి చెప్పితిమి. ఆమె వాకిట నిలిచి, "అయ్యా, కోతలకు మేం ఊరూరా తిరుగుతాం. ఎదిగిన పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే యాడ వదిలిపెట్టమంటారు?" అనెను. మా యొద్ద సమాధానము లేదు. అధికారులకు తెలిపితిమి, బాలిక మాత్రము మరల బడికి రాలేదు. తిరిగి వచ్చుచుండగా త్రోవలో మాకు జ్ఞాపకము వచ్చినది: ఆ జనవరిలో మన బాలికల బోర్డింగులో రెండు మంచములు ఖాళీగా నుండెను. ఆ తల్లి బోర్డింగు సంగతి యెఱుగదు. మేము ఆ తల్లి సంగతి యెఱుగము.

అప్పటినుండి పట్టీని రెండు విధముల చదువుచున్నాము. నిలువుగా చదివిన దినము తెలియును, అడ్డముగా చదివిన బిడ్డ తెలియును. అడ్డముగా మూడు గైరుహాజరులు వరుసగా కనబడినచో, మూడవనాటి సాయంకాలములోగా ఎవరైన నొకరు ఆ యింటికి పోవలయును లేదా ఫోను చేయవలయును. పత్తితీత మొదలగునపుడు ఒక చుట్టు, సంక్రాంతి తరువాత మిరపకోతలకు ముందు మఱియొక చుట్టు, ఏ తలిదండ్రులు పొరుగూళ్లకు పోవుచున్నారో తరగతి యుపాధ్యాయులు విచారించి పట్టిక వ్రాయుచున్నారు. ఆ మూడు నెలలకును బోర్డింగులో మంచములు విడిగా నుంచుచున్నాము. తలిదండ్రులారా, కోతలకు పోవుటకు ముందు మాతో నొక్కమాట చెప్పుడు. అదియే మేము కోరునది. బాలలు ఆపదలో నున్నారని తెలిసినచో 1098 అను సంఖ్యకు ఎవరైనను, పిల్లలు సైతము, రుసుము లేకుండ ఫోను చేయవచ్చును.

ఇక పట్టీలో హాజరని యుండియు తరగతిలో లేనివారు కొందఱు. ఏడవ తరగతిలో నొక బాలుడుండెను. బల్లమీద వ్రాసినది చూచి వ్రాయుమన్న ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచును. దొంగచూపులని యుపాధ్యాయులు మా యొద్దకు తెచ్చిరి. మేము వానిని కొట్టలేదు. ఆ గర్వము మాకుండెను. కాని పరాకుచిత్తుడని పదిమంది యెదుట ఎగతాళి చేసి, గంటసేపు నిలువబెట్టితిమి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 17వ విభాగములో దేహదండనముతోబాటు మానసిక హింసను గూడ నిషేధించినది. బెత్తమును మూలబెట్టి నాలుకను దూయుట ఆ చట్టమును పాటించుట కాదు. కొన్ని వారములకు నేత్రపరీక్ష జరిగెను. 1862లో హాలెండు దేశపు వైద్యుడు స్నెల్లెన్ కల్పించిన అక్షరపటమును 20 అడుగుల దూరమున వ్రేలాడదీయగా, మన బాలుడు పై రెండు వరుసలు దాటి చదువలేకపోయెను. కండ్లద్దములు వచ్చిన తరువాత వాడు మాతో ననిన మాట యిది: "బల్ల మూలన రోజూ తేదీ వ్రాయుదురని నాకు తెలియదండీ."

అద్దములు పెట్టినకొలది చూపు మందగించునని మన యిండ్లలో నొక భయము కలదు. అది నిజము కాదు. అద్దము వలన చూపు చెడదు. బల్ల కనబడక చదువు చెడును. దూరపుచూపు లోపము రాకుండ కొంత కాపాడునది ఆరుబయటి వెలుగు. చైనాలో గ్వాంగ్‌జౌ నగరమున ఒకటవ తరగతి పిల్లలకు దినమునకు 40 నిమిషములు బయట గడపు గంట నొకటి చేర్చి మూడేండ్లు చూచిరి. 2015లో ప్రకటించిన ఆ పరిశోధనలో, మామూలు బడులలో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి కలుగగా, బయట గడపినవారిలో 30.4 మందికి మాత్రమే కలిగినది. ఆటల గంటను తమకిమ్మని ఫిబ్రవరిలో మమ్ము వేడుకొను లెక్కల మిత్రులు ఈ వాక్యమును రెండు మాఱులు చదువగోరెదము.

సమావేశములో కండ్లు తిరిగి పడు బాలికలను గూర్చి వేఱే చెప్పనేల? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనత గలవారని తేలినది. వారమునకొక మాఱు బడిలో నిచ్చు నీలిమాత్ర దానికే. అందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలవు. పరగడుపున మ్రింగిన కడుపులో త్రిప్పును; భోజనమైన పిదప మ్రింగవలయును. వెంటనే తేనీరు త్రాగిన ఇనుము సరిగా వంటబట్టదు. జామపండో, నిమ్మనీరో మేలు. కిటికీ క్రింది చామంతి మడిలో నీలిమాత్రలు దొరకుచున్నవి. చామంతులకు రక్తహీనత లేదని బాలికలకు మనవి.

పదవ తరగతివారికి కొన్ని మాటలు. అర్ధరాత్రివఱకు పుస్తకము పట్టుకొని చదివినదే చదువుట శ్రమయే గాని చదువు గాదు. అమెరికాలో రోడిజర్, కార్పికె అను ఇరువురు పండితులు 2006లో ఒక పరీక్ష ప్రకటించిరి. ఒక పాఠమును కొందఱు రెండుమాఱులు చదివిరి. మఱికొందఱు ఒకమాఱు చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నంత వ్రాసిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా తిరిగి చదివినవారే మేలుగా నుండిరి: వారికి నూటికి 81, మఱియొకరికి 75. వారమునకు మాఱిపోయినది: తిరిగి చదివినవారికి 42, మూసి వ్రాసినవారికి 56. మన తాతలు పాఠము "అప్పజెప్పుట" అనునది యిట్టిదే. వారిది అర్థము తెలియని వల్లెయని మనము నవ్వితిమి. అర్థము తెలియకపోవుట దోషమే గాని, పుస్తకము మూయుట దోషము గాదు. అందుచే ఈ యేడు సాయంకాలపు చదువుగంటలో మొదటి సగము పుస్తకము తెఱచి, రెండవ సగము మూసి జరుగుచున్నది. ఒకరి కొకరు అప్పజెప్పుకొందురు. గది సంతవలె నుండును, పోనిండు. ఇక నిద్ర: ఈ వయస్సువారికి ఎనిమిది మొదలు పది గంటలు కావలయును. రాత్రి పదిగంటల తరువాత సెల్‌ఫోను ఎవరి యొద్ద నుండవలయునో తల్లులే నిర్ణయింతురు గాక.

ఈ వ్రాత ముగించుచుండగా ఎనిమిదవ తరగతి పట్టీ బల్లపై నున్నది. ఒక బాలుని వరుసలో మూడు శుక్రవారములు గైరుహాజరు. మిగిలిన దినములన్నియు హాజరు. సగటు చూచిన తప్పు పట్టనక్కఱలేదు. వాని యూరిలో సంత శుక్రవారమే. తండ్రి కాలు విరిగి మంచము పట్టినాడనియు, కూరగాయల దుకాణములో బాలుడు కూర్చుండుచున్నాడనియు తోడి పిల్లలు చెప్పిరి. సాయంకాలము గంట కొట్టిన తరువాత తరగతి యుపాధ్యాయునితో గూడ నా యూరికి పోవుచున్నాము.