ఆసియా యను గ్రహశకలము

విజయవాడలో బందరు రోడ్డు జాతీయ రహదారిని కలియు చోటికి బెంజ్ సర్కిల్ అని పేరు. అచ్చటినుండి ఆ రహదారి వెంట ఏలూరు సుమారు 60 కిలోమీటర్ల దూరము. ఇంచుమించుగా అంతే యడ్డుకొలత గల యొక రాతిముద్ద అంగారక, గురు గ్రహముల నడుమ సూర్యుని చుట్టి వచ్చుచున్నది. గ్రహశకలములని పిలువబడు నిట్టివి ఆ నడిమి మేఖలలో లక్షలకొలది కలవు. ఈ రాతిముద్ద పేరు ఆసియా. ఇది ఆ మేఖల లోపలి భాగమున, సూర్యునికి సగటున 36 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండి, మూడేండ్ల తొమ్మిది నెలల కొకమారు ప్రదక్షిణము చేయును.

1861 ఏప్రిల్ 17వ తేదీన మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ దీనిని కనుగొనెను. ఆయన ఇంగ్లండునుండి వచ్చి యప్పటికి కొలది నెలలే యైనది. నాడు కృష్ణా మండలము కూడ మద్రాసు రాజధానిలోనిదే. ఆసియా ఖండమునుండి కనుగొనబడిన మొట్టమొదటి గ్రహశకల మగుటచే దానికా పేరు పెట్టబడెను.

దానిని కనుగొనుట యెట్లు? వట్టి కంటి కది యగపడదు. ఆనాటి దూరదర్శినిలో కూడ నొక చుక్కవలెనే యుండును. నక్షత్రమునకును దానికిని రూపములో భేదము లేదు. కావున పరిశీలకుడు ఆకాశములో నొక చిన్న భాగము నెన్నుకొని, అందలి చుక్కల నన్నిటిని పటములో గుర్తించుకొనవలెను. మరియొక రాత్రి ఆ పటమును ఆకాశముతో సరిచూడవలెను. పటమున లేని చుక్క యగపడినంత మాత్రమున నది గ్రహశకలమే యనుటకు వీలులేదు. మునుపు మసకగా నుండి యిప్పుడు వెలుగు హెచ్చిన నక్షత్రము కావచ్చును. లేక పటము వ్రాసినప్పుడే విడిచిన చుక్క కావచ్చును. చుట్టుపట్ల చుక్కల నడుమ నది జరిగినదా లేదా యని చూచిన గాని నిజము తేలదు. ఈలోగా మబ్బు పట్టెనా, దొరికినది చేజారును! కొన్ని రాత్రుల స్థానములు చిక్కినగాని దాని మార్గమును గణింప వీలుకాదు. మార్గము తెలియనిచో మరల నెక్కడ వెదకవలెను? 1801లో కనుగొనబడిన సిరీస్‌కు ఇట్టి యాపదయే వచ్చెను. సూర్యకాంతిలో మరుగైన దానిని గౌస్ అను జర్మను గణితజ్ఞుని లెక్క పట్టి యిచ్చెను.

చోటు మారక వెలుగు మాత్రమే మారు చుక్కయు విలువ లేనిది కాదు. ఆ వేధశాలలోనే సహాయకుడైన చింతామణి రఘునాథాచారి 1867లో అట్టి నక్షత్రము నొకదానిని కనుగొనెను. పాగ్సన్‌ను తలచువారు ఈయనను మరచుట న్యాయము కాదు.

పాగ్సన్ మద్రాసులో మరి నాలుగు గ్రహశకలములను కనుగొని, 1891లో అచ్చటనే మరణించెను. 1792లో కట్టిన ఆ వేధశాల యిప్పుడు లేదు. దాని రాతిస్తంభ మొకటి మాత్రము చెన్నైలోని నుంగంబాకమున, వాతావరణ శాఖవారి యావరణలో నిలిచియున్నది. ఆ వేధశాల కట్టినప్పుడు చెక్కించిన శాసనములలో తెలుగు శాసనమును గలదు.