రిటర్ను దాఖలుకు ముందే దిద్దుకొనుడు

గుంటూరు వర్తకుడొకరు ఢిల్లీలోని జియా సరాయ్ దుకాణదారునకు లక్ష రూపాయల మిరపపొడి అమ్మిరనుకొందము. పన్ను 5 శాతము. సరుకు రాష్ట్రము దాటినది గనుక రూ. 5,000 ఐజీఎస్టీగా చూపవలెను. బిల్లు సరిగానే ఉన్నది. కాని గుమాస్తా రిటర్నులో సరఫరా స్థలముగా ఢిల్లీ కోడు 07కు బదులు ఆంధ్రప్రదేశ్ కోడు 37 వ్రాసినాడు. పన్ను కేంద్రమునకు రూ. 2,500, రాష్ట్రమునకు రూ. 2,500గా చీలినది. మొత్తము ఒక్కటే, ఖాతా తప్పినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పన్నును ఢిల్లీ కొనుగోలుదారు జమ చేసుకొనజాలరు.

దిద్దుబాటు ఇట్లు చేయవలెను:

1. జీఎస్టీఆర్-1 దాఖలు కాకమునుపు: ఆ బిల్లు నమోదును తెరచి నేరుగా సవరించవచ్చును.

2. అది దాఖలై, జీఎస్టీఆర్-3బి మిగిలియున్నచో: జీఎస్టీఆర్-1ఏ ద్వారా సవరించవలెను. 2024 జూలై నెల పన్ను నుండి ఈ వీలు కలదు. ఒక పన్ను కాలమునకు ఒక్కసారి మాత్రమే. కొనుగోలుదారు జీఎస్టీ సంఖ్యను ఇందులో మార్చరాదు.

3. 3బి కూడ దాఖలైనచో: దానిని తిరిగి వ్రాయ వీలులేదు. సరియైన పన్ను చెల్లించి, ఆ తేదీ నుండి రెండేళ్లలోపు తప్పుగా కట్టినది వాపసు కోరవలెను. ఇందుకు పన్నుపై వడ్డీ లేదు. అయితే వాపసు వచ్చువరకు రూ. 5,000 నిలిచిపోవును, అది అప్పు సొమ్మయినచో బ్యాంకు వడ్డీ ఆగదు.

కావున దాఖలుకు ముందు బిల్లు పుస్తకము ప్రక్కనుంచుకొని, ప్రతి బిల్లుకు రాష్ట్ర కోడును సరిచూచుకొనుడు.